మొదటి గాటు

బరంపురం, ఆదివారం రాత్రి

రెండుసార్లు కడిగినా వేళ్ళమీద బూడిద గుమ్మడికాయ తెల్లపొడి ఇంకా ఉన్నట్టే ఉంది. లైటు కింద చూసుకుంటే వెన్నెల అంటుకున్నట్టుంది.

డాబా మీది పాదుకు కాసిన కాయను అమ్మా నేనూ మహిళా మండలిలో వడియాల శిక్షణకు మోసుకెళ్ళాం. అంతమంది ఆడవాళ్ళం, అన్ని చాకులు, కాయను మాత్రం ఒక్కరూ ముట్టుకోరు. మొదటి గాటు మగవాడే పెట్టాలట, ఆడది పెడితే ఇంట్లో మగవాళ్ళకు కీడట. ఒడియావాళ్ళూ మనవాళ్ళూ ఈ ఒక్క మాటమీద కలుస్తారు! "వాచ్‌మన్ భాయి టీకి ఎల్లినాడు, ఆగండి" అంది టీచరమ్మ.

"పెంచింది నేను, కొయ్యడానికి ఆయనేటి?" అని చాకు కాయలోకి దించేశాను.

"సదువుకున్న పిల్ల, ఆగుతాదేటి!" అని వెనక ఎవరో నవ్వారు. అమ్మ నవ్వలేదు. "ఓలమ్మో, మీ నాన్న బండి మీదున్నారే!" అంది. గూడ్సు గార్డు నాన్న రేపు పొద్దున్న గానీ దిగరు.

ఉప్పు కలిపిన ముక్కల్ని మూటగట్టి ఇంటికి తెచ్చాం. వంటింట్లో మూట కింది గిన్నెలోకి నీళ్ళు బొట్టుబొట్టుగా పడుతున్నాయి. "నాన్నడిగితే వాచ్‌మన్ కోసినాడని సెప్పు" అంది అమ్మ. ఆయన క్షేమంగా వస్తేనే కదా అడిగేది... ఛీ, ఈ ఆలోచన నాకెందుకొచ్చింది? నాకా నమ్మకమే లేదు.

నాన్నకు నిజమే చెప్పాలనుంది. గాటు పడగానే కాయ దానంతటదే విచ్చుకుందనీ, లోపలి ఆ తెలుపును అందరికంటే ముందు నేనే చూశాననీ.

పక్కగదిలో అమ్మ గాజులు కదులుతున్నాయి, ఇంకా పడుకోలేదు. వెళ్ళి తన పక్కన పడుకుంటాను.