బావ దాచిన ఫోల్డర్లు

బావా, ఆమదాలవలస ప్రజలందరికీ దండోరా వేసి తెలియజేయడమేమనగా, నీ పాత కంప్యూటరు ఇంకా బతికే ఉన్నాది.

నువ్వు పోయిన ఏడాదికి మా అక్క దాన్ని పాతసామాన్లవాడికి ఇచ్చేస్తానంది. ముందు మీ ఫొటోలు ఏరి పెడదామని నేను కూర్చున్నాను. దాచినవన్నీ చూపించమని ఒక గడిలో టిక్కు పెట్టేసరికి, ఎప్పుడూ చూడని ఫోల్డర్లు వెలిసిపోయిన రంగులో బయటపడ్డాయి.

“ఏట్రా అయి?” అంది అక్క.

“బావ దాసినవి. తీసీస్తే కంప్యూటరే సచ్చిపోతాది.”

“నాకు తెలీకుండా ఏటి దాసీసినాడో, దొంగమొకం,” అని నవ్వింది. నువ్వు పోయాక అక్క అలా నవ్వడం అదే మొదలు. “ఉండనీరా. ఇంక ఎవులికీ ఇవ్వను.”

మొన్న దసరాకి దానికి బొట్టు కూడా పెట్టింది.

నిజానికి ఆ ఫోల్డర్లు కంప్యూటరుతోపాటే వస్తాయి బావా. తీసేస్తే అది పాడవడం నిజమే. నువ్వు దాచావన్నది మాత్రం పూర్తిగా నేను అల్లిందే.