వియ్యపురాలి భాష

జూన్ 1, ఉదయం 6.00
నిర్ణయం అయిపోయింది! పదిహేనో తారీఖున అబ్బాయి కాబోయే భార్యనీ, వాళ్ళమ్మనీ తీసుకొస్తున్నాడు. మొన్న వీడియో ఫోన్లో ఆవిడా నేనూ ఒకరి భాష ఒకరికి రాక అరగంట పళ్ళికిలించుకుంటూ కూర్చున్నాం. కుట్టు షాపులో రోజంతా వాగేదాన్ని, నోరు కట్టేసినట్టయింది. ఏడుపొచ్చింది. అందుకే ఆవిడ భాష నేర్చేసుకుంటున్నా. రోజుకి ఇరవై మాటలు. ఎవరికీ చెప్పను!

6.20
భాషలు నేర్పే యాప్ "ఏ భాష?" అంటుంది. ఏ భాషేమిటి, వియ్యపురాలి భాష! పేరడిగితే అబ్బాయి పసిగట్టేస్తాడు. అన్నీ విని, ఆవిడ మాట్లాడినట్టే వినిపించినదాన్ని నొక్కాను. స్పానిష్ అట.

జూన్ 3
అరవై మాటలు! మిషను తొక్కుతూ వల్లెవేస్తున్నా. "ఎవర్నే తిడుతున్నావు?" అన్నారు ఆయన.

జూన్ 6
ఐదే. ముప్ఫై యూనిఫారాలు, కాజాలన్నీ నేనే కుట్టాలి.

జూన్ 9
సున్నా. కారణాలు: ఒకటి, కళ్ళజోడు కనబడలేదు. రెండు, కనబడింది కానీ నిద్రొచ్చింది. అయినా నమస్కారం, కూర్చోండి, మంచినీళ్ళు. ఈ మూడూ వస్తే చాలదూ?

జూన్ 12
ఉండబట్టలేక అబ్బాయికి ఆ మూడూ ఫోన్లో అప్పజెప్పాను. ఒకటే నవ్వు.
"అమ్మా, అది స్పానిష్. వాళ్ళది పోర్చుగీసు."
"రెండూ ఒకటి కాదూ?"
"నువ్వు మాట్లాడేదాన్ని ఎవరైనా తమిళం అంటే ఊరుకుంటావా?"
ఊరుకోను. దులిపేస్తాను. యాప్ తీసిపారేశా. నాకెందుకొచ్చిన గోల!

జూన్ 15, సాయంత్రం 5.00
వచ్చారు. ఆవిడ గుమ్మంలోనే నిలబడి, చీటీ చూసుకుంటూ గడగడా ఏదో చదివింది. ఆ యాసకి ఒక్క ముక్క అర్థం కాలేదు, పోర్చుగీసే కాబోలని తలూపాను. కోడలు పిల్ల తల పట్టుకుంది.
"అమ్మా, నీకోసం నెల్లాళ్ళుగా దొంగచాటుగా నేర్చుకుందట," అన్నాడు అబ్బాయి. "హిందీ!"
"హిందీ ఎందుకురా?"
"మన భాష అదేననుకుందట."
ఆవిడ మొహం చిన్నబోయింది. నాకు ప్రాణం ఉసూరుమంది. ఎంత కష్టపడిందో పాపం, నాకంటే ఎక్కువే. గుండె మీద చెయ్యేసుకుని "తెలుగు" అన్నాను. ఆవిడా చెయ్యేసుకుని తన భాష పేరు చెప్పింది. ఇద్దరం ఒకరి పేరు ఒకరికి చెప్పుకున్నట్టే ఉంది. నవ్వలేక చచ్చాం.

జూన్ 16, ఉదయం 6.00
మళ్ళీ మొదలు! నేను పోర్చుగీసు, ఆవిడ తెలుగు. యాప్ లేదు, షాపులో ఎదురెదురుగా కూర్చోవడమే. రోజుకి పది మాటలు.

6.15
మొదటి మాట కత్తెర. ఆవిడకి నోరు తిరగలేదు. ఆవిడ చెప్పింది నాకూ తిరగలేదు. నవ్వీ నవ్వీ పాఠం ఆగిపోయింది. రేపట్నుంచి గట్టిగా!