షట్టర్ ఎవరు పాడుచేశారు?

నూజివీడు,
మే 18

ప్రియమైన తబితా,

ఈ ఉత్తరంతోపాటు కెమెరా కూడా పార్సిల్ చేస్తున్నాను. నీ షాపులో చవగ్గా వస్తోందని కొన్న ఆ పాత రష్యన్ కెమెరా నాలుగు నెలలకే బిగుసుకుపోయింది. రీలు తిప్పే లీవర్ సగం దాకా వచ్చి ఆగిపోతోంది. లోపల రీలు ఉంది, జాగ్రత్తగా తీయి.

అడగకూడదు గానీ అడుగుతున్నాను. నాకు అంటగట్టక ముందే దానికేమైనా జబ్బుందా? కాలేజీలో ఒకే బెంచీ మీద కూర్చున్నామని నమ్మి కొన్నానే.

ఇక్కడ మా మామిడితోటలో కాయ కోత అయిపోవచ్చింది. ఈ ఏడు కూడా తామర పురుగు పూత చాలావరకు తినేసింది. మావయ్యగారు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడటం లేదు.

నీ
యశస్విని

విజయవాడ,
మే 22

యశూ,

కోపం తగ్గేదాకా ఆగి రాస్తున్నాను. నేనిచ్చింది బాగున్న కెమెరానే.

విప్పి చూశాను. ఇలాంటి కెమెరాల్లో లీవర్ పూర్తిగా లాగాకే స్పీడు చక్రం తిప్పాలి. లాగకుండా తిప్పితే లోపలి పిన్ను వంగి షట్టర్ పట్టేస్తుంది. నువ్వు కొన్నరోజే మూడుసార్లు చెప్పాను. అదొక్కటే కాదు, రీలు ముందుండే షట్టర్ గుడ్డకి సూదిబెజ్జమంత కాలిన చిల్లుంది. మూత పెట్టకుండా ఎండకేసి వదిలేస్తే లెన్సు భూతద్దంలా కాల్చేస్తుంది.

నిజం చెప్పు. ఎవరికిచ్చావు?

తబిత

నూజివీడు,
మే 25

తబితా,

ఎవరికీ ఇవ్వలేదు. చక్రం ఎప్పుడూ లీవర్ లాగాకే తిప్పుతాను, మూత తీస్తే మళ్లీ పెట్టేదాకా నాకు తోచదు. కానీ నీ ఉత్తరం చదివాక ఒకటి గుర్తొచ్చింది. నేను తీసినవి పది. బిగుసుకున్నప్పుడు ఫోటోల లెక్క చూపే కౌంటర్ మీద పదహారు ఉంది. నేనే లెక్క తప్పాననుకున్నాను.

నేను స్కూల్లో వేసవి క్లాసులు చెప్పి వచ్చేదాకా ఇంట్లో ఉండేది మావయ్యగారొక్కరే. ఆయనకి ఆ కెమెరా అంటే చిరాకు. "ఫోనుండగా ఈ డబ్బా ఎందుకమ్మా" అంటారు. కావాలనే పాడుచేశారేమో.

నిన్న అడిగేశాను. "మావయ్యగారూ, నా కెమెరా మీరేమైనా తీశారా?"

"నాకెందుకమ్మా అది," అన్నారు, నా మొహం చూడకుండా.

రవిచంద్రతో అంటే, "మా నాన్న అబద్ధమాడడు" అని కంచం ముందు నుంచి లేచిపోయాడు. నా మొగుడు నాతో అలా ఎప్పుడూ మాట్లాడలేదు. రీలు త్వరగా కడుగు. ఆ ఆరింట్లో ఏముందో నాకు తెలియాలి.

యశస్విని

విజయవాడ,
మే 31

యశూ,

ఫోటోలు పంపుతున్నాను. పదకొండు నుంచి నీవి కావు.

అన్నీ మామిడి చెట్లే. సగం ఊగిపోయాయి, చిల్లు వల్ల మూలన తెల్ల చుక్క పడింది. కానీ ఒకటి మాత్రం స్పష్టంగా కనిపిస్తోంది. ప్రతి మానుకీ ఎర్రరంగుతో నంబరు ఉంది. మా నాన్న కలప డిపోలో చేసేవారుగా. బేరం కుదిరాకే అలా నంబర్లు వేస్తారు.

మీకెవరికీ చెప్పకుండా చెట్లు కొట్టించేస్తున్నారా? రవికి చూపించకముందు నువ్వొక్కదానివే తోటకి వెళ్లి చూడు.

నిన్ను అనుమానించాను. మనసులో పెట్టుకోకు.

తబిత

నూజివీడు,
జూన్ 6

ప్రియమైన తబితా,

వెళ్లాను. తోట చూసుకునేది మావయ్యగారే, మేమిద్దరం ఈ ఏడు అటు పోనేలేదు. నూట నలభై చెట్లకీ నంబర్లున్నాయి. మావయ్యగారు అక్కడే గట్టు మీద కూర్చుని ఉన్నారు. ఫోటోలు చేతికిచ్చాను. ఒక్కొక్కటీ దూరంగా పట్టుకుని చూశారు.

"మూడేళ్లుగా పూత నిలవట్లేదమ్మా. కొట్టించి పామాయిల్ తోట వేద్దామని కలప బేరగాడికి మాటిచ్చేశాను. రవి పుట్టిన ఏడు మా నాన్న వేసిన మొక్కలివి. వాడికెలా చెప్పను?"

"మరి కెమెరా ఎందుకు తీశారు?"

"కొట్టేశాక చూసుకుందామని. ఫోన్లో తీస్తే వెంటనే వాడి కంట పడతాయి. ఏది ముందు తిప్పాలో తెలీలేదు. ఎండలో గట్టు మీద పెట్టి అటు తిరిగాను. పాడైందని తెలిశాక నీకు చెప్పలేకపోయాను."

దొంగని పట్టుకుందామని వెళ్లినదాన్ని, ఆయన పక్కనే గట్టు మీద కూర్చున్నాను.

ఆ సాయంత్రం ఆయనే రవికి చెప్పారు. రవి ఊరంతా వినేలా అరిచాడు. రెండ్రోజులు అన్నం కూడా విడిగా తిన్నాడు. చివరికి రోడ్డు వైపు నలభై చెట్లు ఉంచేసి, మిగతావి కొట్టేలా బేరగాడితో మాట్లాడాడు. గురువారం రంపాలొస్తాయి. బుధవారం అందరం తోటకి వెళ్లి ఫోటోలు తీయించుకోవాలి అన్నారు మావయ్యగారు. రవి వస్తాననలేదు.

కెమెరా బాగైతే నువ్వే పట్టుకుని రా. లీవర్ సంగతి మావయ్యగారికి నువ్వు చెబితే బాగుంటుంది. నేను చెబితే కోడలు పాఠం చెబుతోందనుకుంటారు.

రవి ఇంకా తండ్రితో మాట్లాడటం లేదు. కానీ పొద్దున పనికి వెళ్తూ, ఆయన ఫోటోలకని తీసిపెట్టుకున్న తెల్లచొక్కా, తన చొక్కా ఇస్త్రీ చేసి ఒకే కొక్కేనికి తగిలించి వెళ్లాడు.

నీ రాక కోసం చూస్తూ,
యశస్విని