లైల్ పేరు పోర్టల్లో పడింది

టామరాక్, ఒహాయో
జనవరి 6

చిరంజీవి కోచ్ గార్లాండ్ టిబెట్స్‌కు, బుక్‌హోల్ట్ ఊరగాయల ఆర్లీన్ ఆశీస్సులు.

ఇక్కడ నేనూ, నా పీపాలూ క్షేమం. నువ్వు క్షేమమో కాదో ఈ ఉత్తరం చదివాక నువ్వే తేల్చుకో.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం ఎందుకంటే, ఫోన్లో నువ్వు "తర్వాత మాట్లాడతానండీ" అని జారుకుంటావు. కాగితం మీద జారడానికి చోటుండదు.

ఈ ఉదయం పేపర్లో చూశాను. మన కాలేజీ ముళ్ళపందుల ఫుట్‌బాల్ జట్టులో బంతి విసిరేవాడి ఎడమ పక్కన గోడలా నిలబడే లైల్ హోస్టెట్లర్ "పోర్టల్లో పేరు పెట్టాడు" అట. ఏమిటీ పోర్టల్? ఎక్కడుంది? పోయిన వేసవిలో నువ్వే మా ఇంటికొచ్చి, నేను వండిన పంది మాంసం రెండుసార్లు వడ్డించుకుని, "ఆర్లీన్ గారూ, ఇప్పుడు కాలేజీ ఆటగాళ్ళు కూడా తమ పేరూ, మొహమూ వాడుకోనిచ్చి డబ్బు తీసుకోవచ్చండీ. లైల్‌ని మీరు చూసుకుంటే మన జట్టు నిలబడుతుంది" అన్నావు. చూసుకున్నాను. వాడి మొహం నా సీసాల మీద వేయించాను. లేబుళ్ళు రెండు లారీల నిండా వచ్చి నా కొట్టంలో కూర్చున్నాయి. ఇప్పుడు వాడు ఎటో పోతే, పరాయి జట్టువాడి మొహం పెట్టుకుని నేను దోసకాయలు అమ్ముకోవాలా?

ఆ పోర్టల్ అడ్రసు రాసి పంపు. నా ట్రక్కు వేసుకెళ్ళి వాణ్ణి తీసుకొస్తాను.

నీ మేలు కోరే,
ఆర్లీన్ బుక్‌హోల్ట్

తా.క.: వాడికి కోటు తీసుకెళ్ళాలా? ఆ పోర్టల్లో చలిగా ఉంటుందా?

~

టామరాక్ స్టేట్ యూనివర్సిటీ
జనవరి 9

గౌరవనీయులైన ఆర్లీన్ గారికి, కోచ్ గార్లాండ్ నమస్కారాలు.

పోర్టల్ అంటే ఊరు కాదండీ. కంప్యూటర్లో ఒక జాబితా. ఆటగాడు అందులో పేరు పెడితే దేశంలో ఏ కాలేజీ అయినా వాణ్ణి పిలుచుకోవచ్చు. ఏటా చలికాలంలో దాని తలుపు తెరుస్తారు. మనలాంటి మధ్యరకం కాలేజీల పని ఏమిటంటే, పెద్ద కాలేజీలు వద్దన్న కుర్రాణ్ణి తెచ్చుకుని, తిండి పెట్టి, బరువులెత్తించి, పనికొచ్చేవాడిగా తయారుచేసి మళ్ళీ వాళ్ళకే అప్పగించడం. ఈ నెలంతా నా గది తలుపు ఎవరు తట్టినా, పోతానని చెప్పడానికొచ్చిన ఆటగాడేనేమో అనిపిస్తోంది. నిన్న తట్టినవాడు పిజ్జా తెచ్చినవాడు. వాణ్ణి కూడా "ఉండిపో నాయనా, ఏం కావాలన్నా ఇస్తాం" అని బతిమాలేశాను.

మీకు సులువుగా చెప్పాలంటే, మన ఆగస్టు సంతలో పిల్లలు పెంచిన పందుల్ని వేలం వేస్తారు కదా, ఇదీ అలాంటిదే అనుకోండి.

లైల్ కోసం పాడుతున్నది లూసియానాలోని మాగ్నోలియా యూనివర్సిటీ. అక్కడ జట్టుకయ్యే డబ్బంతా థర్మన్ పికెట్ అనే ఒక్క మనిషిది. దక్షిణాది అంతటా పడవలు అమ్ముతాడు. ఆయనతో పోటీపడి పాడే స్తోమత మనకి లేదు. పైగా ఆగస్టు ఆఖర్న మన మొదటి ఆట వాళ్ళతోనే, వాళ్ళ గడ్డ మీదే. మీకు తెలుసుగా, పెద్ద కాలేజీలు సీజను మొదట్లో మనకి డబ్బిచ్చి పిలిపించుకుని మరీ చితక్కొడతాయి. ఆ డబ్బుతోనే ఏడాదంతా మన బస్సుల్లో డీజిలు పోయిస్తాం. లైల్ పక్కన లేకపోతే, బంతి విసిరే మన డెస్మండ్‌ని వాళ్ళు గడ్డిలో నాటేస్తారు. వాడు తడిసినా గొడుగంత బరువుండడు.

మా కాలేజీ ఆటల డైరెక్టరు మొహం మీదే చెప్పేశాడు: "లైల్ పోయిన రోజే నువ్వూ పోయావనుకో, గార్లాండ్." మా పిల్లలు ఇక్కడి స్కూలుకి ఇప్పుడిప్పుడే అలవాటు పడుతున్నారు. మళ్ళీ సామాను కట్టాలంటే మా ఆవిడ మొహం చూడలేను.

దయచేసి మీరు మాత్రం ఏమీ చెయ్యకండి.

విధేయుడు,
గార్లాండ్ టిబెట్స్

తా.క.: కోటు అక్కర్లేదండీ.

~

జనవరి 13

కోచ్ బాబుకి, ఆర్లీన్ దీవెనలు.

వేలం అని మొదటే చెబితే నాకింత బెంగ ఉండేది కాదు కదా! ఆ సంత వేలం కమిటీలో నా జుట్టు నెరిసింది.

మన దగ్గర పద్ధతేమిటి? ఇరుగుపొరుగు పిల్ల తన పందిని వేలంలోకి తెస్తుంది. ఎవరో పొరుగూరి ఆసామి, పాపం తెలియక, చెయ్యెత్తి పాడేస్తాడు. మనం కేకలేస్తామా? వెయ్యం. ఒకరం ఇంట్లో చేసిన ఆపిల్ పై ఒకటి పట్టుకెళ్ళి ఆయన పక్కన కూర్చుని, "ఆ పంది మా ఫ్రీడా మనవరాలిదండీ, దాన్ని కొనేది మా బ్యాంకు మేనేజరు, కొని మళ్ళీ ఆ పిల్లకే ఇచ్చేస్తాడు. తమరు కాస్త చెయ్యి దించండి" అంటాం. దించుతాడు. దించనివాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

అందుకని థర్మన్ పికెట్‌కి ఉత్తరం రాశాను. "అయ్యా, తమరు పాడుతున్నది మా కుర్రాడి మీద" అని మర్యాదగానే రాశాను. లూసియానా చేరేలోపు ఆపిల్ పై పాడైపోతుందని, దానికి బదులు ఒక పెట్టె ఊరగాయ పంపాను.

ఇంకోటి. మన పశువు పరాయివాడి చేతికి పోకూడదనుకుంటే దాన్ని పొగడకూడదు. అందుకని లైల్ గురించి ఉన్నవీ లేనివీ కలిపి నాలుగు మాటలు రాశాను. వాన పడితే ఎడమ మోకాలు కిర్రుమంటుందనీ, పొద్దున్నే లేవడనీ, ఎండ పడదనీ, చర్చిలో పాట మొదలవగానే ఏడుస్తాడనీ.

ఇక నిశ్చింతగా పడుకో.

ఆర్లీన్

తా.క.: నీ గురించీ ఒక ముక్క రాశాను. "మా కోచ్ మంచివాడే గానీ, నాలుగో ప్రయత్నం అనేసరికి ముందుకెళ్ళడానికి భయపడి బంతి అవతలివాళ్ళకి తన్నించేస్తాడు" అని. అందులో అబద్ధమేం లేదు కదా?

~

జనవరి 20

ఆర్లీన్ గారికి,

నమస్కారాలు తర్వాత. కొంప మునిగింది.

మాగ్నోలియా వాళ్ళ డాక్టరు ఫోన్ చేసి లైల్ మోకాలి ఎక్స్‌రే పంపమన్నాడు. ఆ కబురు ఎలా పాకిందో గానీ, మిగతా కాలేజీల వాళ్ళూ అదే అడుగుతున్నారు. లైల్ నా గదికొచ్చి, తలుపుకి అడ్డంగా నిలబడి ఒకటే ఏడుపు. "కోచ్, నా మోకాలు బానే ఉంది కదా? మా అమ్మ ఫోన్ చేసి, ఎప్పట్నుంచి దాస్తున్నావురా అని శోకాలు పెడుతోంది!" వాడి ధైర్యం కోసం అక్కడే గుంజిళ్ళు తీయించాను. మోకాలు భేషుగ్గా ఉంది. కింది గదిలో సీలింగు మాత్రం పగిలింది.

ఇక మా నిబంధనల ఆఫీసు వాళ్ళు. "పరాయి కాలేజీకి డబ్బిచ్చే పెద్దమనిషికి మన తరఫున ఊరగాయ ఎందుకు వెళ్ళింది?" అని సంజాయిషీ అడిగారు. "ఆప్యాయత" అని రాశాను. ఆ మాట ఏ నిబంధన కిందికొస్తుందో వెతుకుతున్నారు.

ఈలోపు మీ లేబుళ్ళ సంగతి జట్టంతటికీ తెలిసింది. బంతి అందించే కర్టిస్‌కి క్యాబేజీ సీసా మీద తన మొహం కావాలట. బంతి తన్నే ఆల్విన్ అయితే, "కనీసం ఆవాల సీసా మీదైనా నన్నెవరూ అడగలేదు" అని అలిగి పోర్టల్లో పేరు పెట్టేశాడు.

అసలు సంగతి వినండి. లైల్ అప్పటిదాకా ఉందామా, పోదామా అని ఊగిసలాడుతున్నాడు. ఇప్పుడు, "నన్ను కుంటివాణ్ణన్న ఊళ్ళో నేనుండను కోచ్" అంటున్నాడు.

మీ
గార్లాండ్

తా.క.: నాలుగో ప్రయత్నం సంగతి చదివి మాగ్నోలియా కోచ్ నాకు ఫోన్ చేశాడు. నవ్వి పెట్టేశాడు.

~

జనవరి 25

కోచ్ బాబుకి,

ఉత్తరం చదివి నాకు మొహం చెల్లలేదు. ఆదివారం లైల్‌ని భోజనానికి పిలిచాను. ఉడికించి మెదిపిన బంగాళాదుంప మీద నూడుల్స్ వేసి పెట్టాను. మూడో పళ్ళెందాకా మొహం ముడుచుకునే తిన్నాడు. నాలుగో పళ్ళేనికి అలక తీరింది.

"నిజం చెప్పరా, నీకు పోవాలనుందా?" అన్నాను.

"ఉంది బామ్మ గారూ."

"డబ్బుకేనా?"

"డబ్బుకీ... ఇంకోటి కూడా ఉందండీ. అక్కడ శనివారం ఆట పెడితే లక్ష మంది వస్తారు. ఇక్కడ మనం నవంబరులో మంగళవారం రాత్రి ఆడతాం, టీవీ వాళ్ళకి అప్పుడే ఖాళీ అని. చూసేది ఎవరు? మా అమ్మా, మీరూ, మంచు తుడిచే ఆయనా. ఆయన కూడా తుడవడం అయిపోగానే వెళ్ళిపోతాడు."

వాడి పళ్ళెం మళ్ళీ నింపాను. క్లీవ్‌లాండ్ వాళ్ళు ఎక్కువిస్తామంటే నేను మన ఊరి కొట్టు మానేసి ఊరగాయ అటు పంపలేదా? నేను పంపితే వ్యాపారం, వాడు పోతే ద్రోహమా? వాడు అమ్ముకునేది తన వెన్నూ, మోకాళ్ళూను. ఇంకొన్నాళ్ళు పోతే అవి ఎవరూ కొనరు. వాడు పోతే నాకు ఏడుపొస్తుంది. అది నా గొడవ, వాడి మెడకి చుట్టకూడదు.

అందుకని పికెట్‌కి రెండో ఉత్తరం రాశాను. మోకాలి సంగతి అబద్ధమని ఒప్పుకున్నాను. పాట వింటే ఏడవడం మాత్రం నిజమేనన్నాను. "వాణ్ణి తీసుకెళ్తే ఆదివారం కడుపునిండా పెట్టే ఇల్లొకటి చూపించండి" అని రాశాను. పనిలో పనిగా, "ఇంత డబ్బు వాళ్ళకెందుకు పోస్తున్నారు? తమరికి నా అన్నవాళ్ళు లేరా? ఆదివారాలు తమరేం తింటారు?" అని కూడా అడిగాను. కాగితం అడుగున చోటు మిగిలింది మరి.

నీ ఉద్యోగం సంగతి నాకు తెలియక కాదు నాయనా. అయినా అబద్ధంతో వాణ్ణి కట్టెయ్యలేను.

ఆర్లీన్

తా.క.: ఆల్విన్ ఫొటో తెప్పించి ఆవాల సీసాకి అంటించి చూశాను. పోర్టల్లోనే ఉండనీ.

~

ఫిబ్రవరి 2

ఆర్లీన్ గారికి,

మీరు చేసింది ధర్మమే. నేనే మీ స్థానంలో ఉంటే చేసేవాణ్ణి కాదు, అదే నా బాధ.

లైల్ మాగ్నోలియాకి మాటిచ్చేశాడు. సంతకం ఒక్కటే మిగిలింది. డైరెక్టరు నా గదికొచ్చి కిటికీకి కొత్త పరదాలు కొలుచుకుంటున్నాడు. నన్ను చూసి, "నువ్వు పని చూసుకో గార్లాండ్, నాకు నువ్వేం అడ్డం కాదులే" అన్నాడు. మన హైస్కూల్లో పిల్లలకి కారు నేర్పే ఉద్యోగం ఖాళీగా ఉందట. అర్జీ రాసుకుంటున్నాను. ఆగస్టులో లైల్ అటు, మన జట్టు ఇటు. ఆ ఆట నాటికి నేను కోచ్‌గా ఉండను.

ఇంతవరకూ రాసి ఆపాను. ఇప్పుడే తెలిసింది, మీ ఫ్యాక్టరీ వెనక పొలాలకి మందు కొట్టే విమానాల మైదానం ఉంది కదా, అక్కడ మాగ్నోలియా రంగులేసిన విమానం ఒకటి దిగిందట. మా డైరెక్టరు కోటు కూడా వేసుకోకుండా పరిగెత్తాడు. దిగిన మనిషి ఆయన చాచిన చెయ్యి చూడనైనా చూడకుండా, "ఊరగాయలావిడ ఇల్లెక్కడ?" అని అడిగి, మంచు తీసే బండెక్కి మీ వైపు వచ్చాడట.

ఆర్లీన్ గారూ, అది కోర్టు నోటీసే అయితే మీరు తలుపు తియ్యకండి. వెనక దారిన మా ఇంటికి వచ్చెయ్యండి.

గార్లాండ్

తా.క.: ఆయన కాళ్ళకి చెప్పులే ఉన్నాయట. ఈ మంచులో!

~

ఫిబ్రవరి 9

చిరంజీవి కోచ్ గార్లాండ్‌కి ఆర్లీన్ దీవించి రాసేది ఏమనగా, ఆ అర్జీ చింపెయ్యి.

వచ్చినవాడు థర్మన్ పికెట్టే. గుమ్మంలో చెప్పులతో గజగజ వణుకుతూ నిలబడ్డాడు. పోయిన మా ఆయన మేజోళ్ళు తీసి ఇచ్చాను. వేసుకున్నాక మాట పెగిలింది.

"అమ్మా, ఏళ్ళ తరబడి వాళ్ళకి పోస్తున్నానండీ. ఇంకా కావాలని రాసేవాళ్ళే గానీ, ఆదివారం ఏం తింటావని అడిగిన నాథుడు లేడు."

"ఇంతకీ ఏం తింటావయ్యా?"

"అట్టపెట్టెలో అమ్మేది వేడి చేసుకుంటాను. నిలబడే తినేస్తాను."

లోపలికి లాక్కెళ్ళాను. కూర్చోబెట్టి పెట్టాను. తిని, మా ఆయన కుర్చీలో నోరు తెరుచుకుని నిద్రపోయాడు. మర్నాడు వెళ్తానన్నాడు, వెళ్ళలేదు. చర్చి విందుకి తీసుకెళ్తే కుర్చీలు మడతపెట్టి వచ్చాడు. చర్చి నుంచి వచ్చిన ఆ రాత్రి అన్నాడు గదా: "ఆర్లీన్, ఈ జట్టు మారడాలు ఆటగాళ్ళకేనా? డబ్బిచ్చేవాళ్ళు మారకూడదని ఎక్కడైనా ఉందా?"

నీ నిబంధనల ఆఫీసుకి వెళ్ళి అడిగాను. అక్కడి అమ్మాయి లావుపాటి పుస్తకాలన్నీ తిరగేసి, "లేదండీ, ఇలాంటిది ఎవరికీ తోచలేదు" అంది.

థర్మన్ జట్టు మారాడు, బాబూ. మన జట్టుకి.

లైల్‌కి మాగ్నోలియా నుంచి ఒప్పంద పత్రం వచ్చింది. అందులో డబ్బు రాసే చోట ఖాళీ వదిలేశారట. థర్మన్ లేకపోతే వాళ్ళు రాయడానికి ఏముంది? వాడు సంతకం పెట్టలేదు. మొన్న మా ఇంటికొచ్చి, అక్కడ ఇస్తామన్నదే థర్మన్ ఇక్కడ ఇస్తానంటే, జట్టు గదిలో తన బీరువా ఇంకా ఎవరికీ ఇవ్వలేదు కదా అని నీళ్ళు నములుతూ అడిగాడు. "లక్ష మంది రారురా" అన్నాను. "పోనీలెండి బామ్మ గారూ, అక్కడ ఒక్కరికీ నా పేరు సరిగ్గా పలకడం రాలేదు" అన్నాడు.

మీ డైరెక్టరు నీ కొత్త ఒప్పందం పట్టుకుని నా గుమ్మంలోకే వచ్చాడు. "గార్లాండ్ మా ఇంటి దీపమండీ" అంటూ. పరదాలు నీకు నచ్చిన రంగు కుట్టిస్తాడట. బాగా ఆలోచించి సంతకం పెట్టు, తొందరేం లేదు.

ఇక ఆగస్టు ఆట. మనల్ని పిలిచి చితక్కొట్టడానికి ఇచ్చే ఆ డబ్బు కూడా థర్మన్ జేబులోంచే వచ్చేదట! ఇప్పుడు ఇచ్చుకోవడానికి వాళ్ళ దగ్గర చిల్లిగవ్వ లేదు. అందుకని ఆట మన గడ్డ మీదకి మార్చారు. శనివారం, పట్టపగలు, టీవీలో. వాళ్ళే ఇక్కడికొచ్చి దెబ్బలు తింటారు, తిన్నందుకు డబ్బు మనమిస్తాం. నాలుగో ప్రయత్నంలో బంతి తన్నించావంటే మాత్రం నేనే మైదానంలోకి దిగుతాను.

నీ మేలు కోరే,
ఆర్లీన్ బుక్‌హోల్ట్

తా.క.: థర్మన్ నా ఊరనీళ్ళలో ఉప్పు పాళ్ళు ఎంతో చెప్పమంటున్నాడు. మా ఆయనకి కూడా చెప్పలేదు నేను. ఆలోచిస్తున్నాను.

మరో తా.క.: మాగ్నోలియా వాళ్ళు బస్సులో వస్తారట. దారిఖర్చులకి కొంచెం ముందే పంపగలరా అని వాళ్ళ కోచ్ సిగ్గుపడుతూ ఫోన్ చేశాడు. పంపించెయ్యమని థర్మన్‌తో చెప్పాను. పాపం, మధ్యరకం కాలేజీ.