విజిటర్స్ బుక్కులో వాన

జూలై 6

బులెటిన్ వచ్చేసింది. చివరి పేజీ అడుగున, కూర్పు: రసజ్ఞ, హైదరాబాద్. నా పేరు నాలుగుసార్లు చూసుకున్నాను. ఫోన్‌లో రెండుసార్లు, లాప్‌టాప్‌లో రెండుసార్లు.

ఇరవై మూడు దేశాల్లో వాన మీద పనిచేసేవాళ్లు నెలకోసారి చదివే పన్నెండు పేజీలు. ఎవరి పేపర్ వచ్చింది, ఏ ఉపగ్రహం ఎప్పుడు ఎగురుతుంది, ఎవరి రాడార్ మూలపడింది, ఎవరికి పోస్ట్‌డాక్ కావాలి. ఎంఎస్సీ అయి ఏడాదికే ఇది నా చేతికొచ్చింది.

అమ్మ మొత్తం తిరగేసి, ఇందులో రేపు వాన పడుతుందో లేదో ఎక్కడుందే అంది. రేపటి సంగతి మాది కాదమ్మా, నిన్న పడిందా లేదా అన్నదే మా గొడవంతా అన్నాను. నిన్న పడిందో లేదో దండెం మీద బట్టలు చెప్తాయి కదే, దానికి ఇరవై మూడు దేశాలెందుకు అంది.

జూలై 10, ఉదయం 9

ఆఫీస్ బస్‌లో రాస్తున్నాను. గచ్చిబౌలి ఇంకా అరగంట.

పైనుంచి ఉపగ్రహం వాన పడుతోంది అంటుంది. కింద నిజంగా పడిందా అని చూడటానికి ఒక డబ్బా, ఒక కొలగ్లాసు, ఒక మనిషి కావాలి. మణికొండ నుంచి కొత్తగూడ దాకా పద్నాలుగు అపార్ట్‌మెంట్ల మేడల మీద నేనే పెట్టించాను. ఏడో నంబరు మా బిల్డింగ్‌ది. చూసేది మా వాచ్‌మన్ యాదయ్య. నారాయణపేట వైపు మనిషి. రాత్రి డ్యూటీ దిగేముందు సరిగ్గా ఎనిమిదిన్నరకి మేడెక్కి, మోకాళ్లు వంచి, నీటిమట్టం కంటికి సమానంగా తెచ్చుకుని చదువుతాడు. ఒక్కసారే చూపించాను. నా క్లాస్‌మేట్స్‌లో సగం మంది ఫైనలియర్‌లో కూడా నిలబడే చదివేవాళ్లు.

ఈరోజు చుక్క పడలేదు. అయినా ఎక్కాడు. రాలేదని కిందనుంచే తెలుస్తోందిగా యాదయ్యా అన్నాను. రాకున్నా రాయాలె గదమ్మా, లేకుంటె వాన కాదు, నేనే రాలేదనుకుంటరు అన్నాడు.

జూలై 31

బులెటిన్ పట్టిక కోసం నెల ఫారాలన్నీ ఇంగ్లీష్‌లోకి ఎక్కించాను. యాదయ్య ఫారంలో రిమార్క్స్ కింద ఏడు చోట్ల ‘మబ్బుల’ అని ఉంది. ఏడుసార్లూ క్లౌడీ అని కొట్టాను. వాన పడ్డ రోజు మబ్బులుండక ఎండ ఉంటుందా? నవ్వొచ్చింది.

ఆగస్టు 12

ఏడో నంబరుకి ఎర్ర జెండా.

వాన ఎప్పుడు పడిందో రాయకపోతే మా ప్రోగ్రామ్ దాన్ని సాయంత్రం వాన కింద వేసుకుంటుంది. ఇక్కడ ఎక్కువ పడేది అప్పుడే కాబట్టి. జూలైలో ఏడు రోజులు యాదయ్య వాన రాశాడు. ఆ ఏడు సాయంత్రాలూ ఉపగ్రహానికి చుక్క కనపడలేదు. మిగతా పదమూడు మేడల్లో చాలామంది రిమార్క్స్‌లో వేళ రాశారు, వాటికి ఇంత తేడా లేదు.

మా టీమ్ హెడ్ గిరీష్ సర్ కుర్చీ తిప్పుకుని, ఇంట్లో కూర్చుని నంబర్లు వేస్తున్నాడమ్మా, ఇలాంటివి చాలా చూశాం అన్నారు. నెలాఖరున అన్ని దేశాలవాళ్లతో కాల్‌లో ఏడో నంబరు తీసేద్దాం, నువ్వే చెప్పు అన్నారు. పక్క సీట్లోంచి అవినాష్, మీ వాచ్‌మన్ సైంటిస్ట్‌కి ఫిక్షన్‌లో అవార్డ్ ఇప్పిద్దామా అన్నాడు.

నేను సరే సర్ అని రాసుకున్నాను. అదే తలుచుకుంటే మంటగా ఉంది. మోకాళ్లు వంచి చదివే మనిషి.

ఆగస్టు 13

అడగకూడని తీరులో అడిగాను. రోజూ ఎక్కుతున్నారా అని.

యాదయ్య చేతిలో టీ గ్లాసు కింద పెట్టాడు. ఏందమ్మా గట్ల అడుగుతున్నరు, గిలాసల ఉన్నదే రాసిన, లేని వానను నేనేడికెల్లి తెస్త అన్నాడు. తర్వాత, నా మీద ఎతబార్ లేకుంటె డబ్బ తీస్కపోండ్రి అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

ఆగస్టు 14

ఎనిమిదిన్నరకి ఎక్కాడు. దిగాడు. రోజూ ఇచ్చే రీడింగ్ చీటీ నా చేతికివ్వలేదు. లెటర్ బాక్స్‌లో వేశాడు.

ఆగస్టు 17

వరసగా రాయాలి.

సాయమ్మ వచ్చింది. యాదయ్య భార్య, మా ఇల్లు కాక మరో మూడు ఫ్లాట్లు తుడుస్తుంది. మాప్ పిండుతూ నా వైపు చూడకుండానే మాటలు విసిరింది. వానకు కాపలా కాసుడు ఏం నౌకరో, జీతం లేదు గని దొంగతనం మాత్రం అంటగడుతున్నరు అని. అమ్మ మధ్యలో దూరి, సాయమ్మా, ఇంత పొద్దున్నే ఎలా వస్తావు నువ్వసలు అంది, మాట మార్చడానికి. సాయమ్మ అంది: నేను మబ్బుల లేస్తెనే గదమ్మా నాలుగిండ్ల పని ఒడిసేది.

మబ్బుల లేస్తే.

మబ్బుల అంటే ఏంటి సాయమ్మా అన్నాను. ఏందమ్మా, గంత సదువుకున్నరు, మబ్బుల అంటే తెల్వదా అంది. తెల్లారకముందు, కోడి కూసే యాల్లకు, ఇంక చీకటుండంగ.

మాది కాకినాడ. మా ఇంట్లో మబ్బంటే మేఘం, ఇంకోటి లేదు. పదేళ్లుగా ఈ ఊళ్లో ఉన్నాను. ఈ మాట లిఫ్టులో, గేటు దగ్గర ఎన్నిసార్లు నా పక్కనుంచి వెళ్లిపోయిందో. యాదయ్య వాన ఎప్పుడు పడిందో రాశాడు. ఏడుసార్లు రాశాడు. ఏడుసార్లూ నేను దాన్ని కొట్టేసి ఆకాశం బొమ్మ వేశాను.

చెప్పుల్లేకుండా కిందికి పరిగెత్తాను. యాదయ్య గారూ అన్నాను. ఆ గారు ఎక్కణ్నుంచి వచ్చిందో నాకు తెలియదు, ఆయనా వింతగా చూశాడు. జూలైలో మబ్బుల పడిందని రాశారు కదా, ఎన్ని గంటలకో గుర్తుందా అన్నాను. గుర్తెందుకు, రాసిన గద అన్నాడు. గేటు దగ్గర డెస్కులోంచి విజిటర్స్ బుక్కు తీశాడు.

పేరు: వాన. ఎవరింటికి: మేడ. ఇన్: 3.50. అవుట్: 4.40.

ఏడు రాత్రులూ ఉన్నాయి. స్విగ్గీ అబ్బాయికీ, పాలవాడికీ మధ్య. మీ కాయితంల టైమ్ గడి లేదమ్మా, అందుకే ఊకె మబ్బుల అని రాసిన అన్నాడు. రాత్రి డ్యూటీల ఎవరొచ్చినా ఇందుల ఎక్కియ్యాలె గద. సెక్రటరీ సీతారామయ్య సారు చూసి, వాన ఏ ఫ్లాటుకొచ్చిందయ్యా, ఓటీపీ చెప్పిందా అని గయ్యిమన్నాడట. ఇగ అప్పటిసంది చిన్న అచ్చరాల్తోని రాస్తున్న అన్నాడు.

గడి పెట్టనిది నేను. ఆ ఫారం డిజైన్ చేసినందుకు జూన్‌లో గిరీష్ సర్ నన్ను మెచ్చుకున్నారు కూడా.

ఆగస్టు 18, మధ్యాహ్నం 2

ఉపగ్రహం అరగంటకో లెక్క ఇస్తుంది. విజిటర్స్ బుక్కు పక్కన పెట్టి చూశాను. ఏడింటిలో ఐదు, అరగంట తేడా లేకుండా కలిశాయి.

మిగతా రెండు రోజులు ఉపగ్రహానికి ఏమీ లేదు. యాదయ్యకి 6.2, 18.6 మిల్లీమీటర్లు. పక్క మేడలు రెండింటి ఫారాలు తీశాను. టైమ్ లేదు కానీ వాన ఉంది. అంటే ఆ రెండు రోజులు తప్పు మాది కాదు. పైన ఉన్నదానిది.

ఆగస్టు 18, సాయంత్రం 6

గిరీష్ సర్ చాలాసేపు స్క్రీన్ చూశారు. వెరీ గుడ్ అన్నారు. ఆ రెండు రోజులు కాల్‌లో చూపించు, పెద్ద సంగతే ఇది, కాకపోతే ఆ మబ్బు కథ ఎందుకు, డేటా సరిచేశాం అంటే చాలు, నీకే నామోషీ అన్నారు.

సర్, యాదయ్య గారిని అబద్ధాలకోరు అన్నాం కదా అన్నాను. మనలో మనమే కదా అనుకున్నది అన్నారు. నేను ఆయన్నే అడిగాను సర్ అన్నాను.

అవినాష్ హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు.

ఆగస్టు 29

చెప్పేశాను. నలభై ఒక్కమంది కాల్‌లో. ముందు నా తప్పు, తర్వాత విజిటర్స్ బుక్కు ఫోటో, చివర ఆ రెండు రోజులు. మొదటి స్లైడ్‌కి చెవులు కాలిపోయాయి. మూడో స్లైడ్‌కి వచ్చేసరికి నా గొంతు నాకే బాగా మాట్లాడే ఇంకెవరిదోలా వినిపించింది.

తర్వాత జపాన్ నుంచి ఒకాయన ఆ మాట ఇంకోసారి పలకమన్నాడు. మబ్బుల. ఆయన మాబురా అన్నాడు. ఒకావిడ తెల్లవారుజామున చిన్న మేఘాల నుంచి పడే వాన ఉపగ్రహాలకి తప్పిపోతుందని తమకీ అనుమానమేనని, ఇంత శుభ్రంగా టైమ్ రాసిన మనిషి మాత్రం దొరకలేదని అంది. మీ పరిశీలకుడి ట్రెయినింగ్ ఏమిటి అని అడిగింది.

గిరీష్ సర్ మైక్ ఆన్ చేసి, సెక్యూరిటీ అన్నారు. ఎగతాళి లేదు గొంతులో.

ఏడో నంబరు ఉంటుంది.

సెప్టెంబర్ 7

కొత్త బులెటిన్ మూడో పేజీ. సవరణ అని పెద్దక్షరాల్లో నేనే పెట్టాను. కింద నా పేరు. దాని కింద, పరిశీలకుడు: యాదయ్య, మణికొండ. ఈసారి నా పేరు ఒక్కసారే చూసుకున్నాను.

ప్రింట్ తీసి, ఇంగ్లీష్‌దంతా యాదయ్య గారికి తెలుగులో చదివి వినిపించాను. తలుపు దగ్గర సాయమ్మ, ఇన్నొద్దులు మా ఇంట్ల నా మాట ఇనకపోతుండె, ఇగ దేశదేశాలు ఈయన మాట ఇంటున్నయట, ఇగ మాట్లాడతడా నాతోని అంది. యాదయ్య గారు నవ్వలేదు. పట్టిక మీద వేలు పెట్టి ఒక్కో అంకె దిగుతున్నారు. ఒకచోట వేలాగింది.

గిది పదహారు కాదమ్మా, పద్దెనిమిది అన్నారు.

16.8 అని అచ్చుపడింది. 18.6 ఉండాలి. నేను రెండుసార్లు, గిరీష్ సర్ ఒకసారి ప్రూఫ్ చూశాం. సవరణకి సవరణ వేస్తానని చెప్పాను. గప్పుడు కూడ నాకు చూపియ్యండ్రి ముందుగాల అన్నారు.

గర్వంగా ఉందని అమ్మకి చెప్పాను. ఎవరి గురించే అంది.

సెప్టెంబర్ 8

కొత్త ఫారాలు పద్నాలుగు మేడలకీ పంపాను. ఇన్, అవుట్ అని రెండు గడులు.

సెప్టెంబర్ 29, ఉదయం 8.30

యాదయ్య గారు, సాయమ్మ బతుకమ్మకి ఊరెళ్లారు. మేడ తాళంచెవి నాకిచ్చారు.

ఆకాశం నిండా మబ్బులు. మబ్బుల మాత్రం వాన రాలేదు.

0.0. నేను వచ్చాను.