ఖాళీ సంచి తిరిగి ఇవ్వవలెను

సూర్యాపేట,
మృగశిర కార్తె

చిరంజీవి ఇంద్రజమ్మకు, మోటార్ వైండింగ్ ఉప్పలయ్య ఆశీర్వదించి రాయునది.

అమ్మా, మీ కోదాడ 'మన చేను – మన కూర' సంఘంలో చేరి నేటికి ఒక సంచి అయింది. ఫోన్ చేయకుండా ఉత్తరం రాస్తున్నందుకు వేరేగా అనుకోవద్దు. మైకులో ప్రవచనం చెప్పీ చెప్పీ నా గొంతు మామూలు మాటకు దిగిరావడం మానేసింది. ఫోన్ ఎత్తినవాళ్లు దాన్ని చెవికి దూరంగా పట్టుకుంటున్నారని విన్నాను. అందుకే ఈ కాగితం సంచులు తెచ్చే మీ ఆటో డ్రైవర్ చేతికి ఇస్తున్నాను.

నేను చదివింది ఏడో తరగతి. మిగతాదంతా దుకాణంలో మోటార్లకు రాగి తీగ చుట్టుకుంటూ, పక్కన గ్రంథం తెరిచి పెట్టుకుని నేర్చుకున్నదే. ఫలం మీద ఆశ పెట్టుకోవద్దని భగవంతుడు రథం మీద నిలబడి చెప్పిన మాటను ఊరూరా తిరిగి చెబుతున్నాను. విన్నవాళ్లు తల ఊపుతారు, ఇంటికి పోయి మళ్లీ ఫలం కోసమే చూస్తారు. మీరేం చేశారు? పంట వేయకముందే మా వాటా కట్టించుకున్నారు. వాన పడితే పంచుకుందాం, పడకపోతే అదీ పంచుకుందాం, చేను ఏదిస్తే అదే మీ సంచిలోకి, ఇది కావాలి అది వద్దు అనే మాట లేదు అన్నారు. సంఘానికి లాభమే వద్దన్నారు. ఇన్నేళ్లు నేను గొంతు చించుకుని చెప్పలేనిది మీరు ఒక గుడ్డ సంచితో చెప్పారు తల్లీ!

దూరపు ఊళ్ల నుంచి మందుల్లో మునిగి, నిగనిగలాడుతూ లారీ దిగే కూరగాయలున్నాయే, అవి పూతన లాంటివి. పైకి సింగారం, లోపల విషం. ఈ మాట వచ్చే శనివారం మైకులోనే అంటాను. ఎవరికి కోపం వచ్చినా సరే.

మొదటి సంచిలో గోంగూర, బీరకాయలు, దోసకాయ, ఒక సొరకాయ వచ్చాయి. సొరకాయ నాకు పుట్టినప్పటి నుంచి పడదు. అయినా రెండు చేతులా కళ్లకద్దుకున్నాను.

మీ సంఘానికి దండం పెట్టే
ఉప్పలయ్య

తా.క. సంచి మీద 'ఖాళీ సంచి తిరిగి ఇవ్వవలెను' అని అచ్చు వేయించారు. అది చూసి మా ఇంటావిడ రుక్కమ్మ మొహం ముడుచుకుంది. "గిది రాసినోళ్ల ఇంట్ల ఆడోళ్లు లేనట్టున్నరు" అన్నది. ఆమె మాటలకు అర్థం వెతకడం నేను మానేసి చాలా కాలమైంది. సంచి ఉతికేదీ, మూతి కట్టేదీ, ఆటోలో పెట్టేదీ ఆమే.

*

కోదాడ

గౌరవనీయులు ఉప్పలయ్యగారికి, ఇంద్రజ నమస్కారాలు.

మీ ఉత్తరం ఆఫీసులో అందరికీ చదివి వినిపించాను. మా పనిని ఇంత పెద్ద మాటల్లో ఎవరూ చెప్పలేదండీ. మేం మార్కెట్ ధర గురించే మాట్లాడుకుంటూ ఉంటాం. మీరు ఏకంగా రథం ఎక్కించారు.

మీ సూర్యాపేట సంచులన్నీ ఆత్మకూర్ (ఎస్)లో సైదమ్మగారి వాకిట్లో నిండుతాయి. ఒకప్పుడు ఆవిడ కూరగాయల మూట తెల్లారకముందే బజారుకు తెచ్చి, ఎండెక్కాక వ్యాపారి ఎంతంటే అంతకు వదిలేసి వెళ్లేవారు. మమ్మల్ని నమ్మి మొదట చేరిన రైతు ఆవిడే. సంఘం నిలిస్తే ఆవిడ మళ్లీ ఆ బజారులో కూర్చోనక్కర్లేదు. మీ ఊళ్లో మరికొన్ని ఇళ్లు చేరితే చాలు. ప్రవచనంలో ఒక్క మాట వేయండి. ఖాళీ సంచులు నేరుగా సైదమ్మగారికే వెళ్తాయి, మీ ఉత్తరం మాత్రం డ్రైవర్ నాకు తెచ్చిస్తాడు.

మా సంఘంలో ఒకటే గట్టి నియమం. అందరికీ సమాన వాటా. ఎంత పెద్దవారి సంచిలోకైనా ఒక ఆకు ఎక్కువ పోకూడదు. పోనిచ్చిన రైతు సంఘంలో ఉండకూడదు.

మీ మంచి మాటకు ఎదురుచూస్తూ,
ఇంద్రజ

తా.క. వచ్చే వారం కూడా సొరకాయే. ఆ పై వారం సంగతి ఇప్పుడే చెప్పి మిమ్మల్ని కష్టపెట్టను.

*

సూర్యాపేట,
శ్రావణం

చిరంజీవి ఇంద్రజమ్మకు, ఉప్పలయ్య ఒళ్లు పులకరించి రాయునది.

తల్లీ, మా ఇంట్లో మహత్తు జరుగుతున్నది. సంచి బరువెక్కుతున్నది!

మొదట నా భుజానికే వయసు వచ్చిందనుకున్నాను. తర్వాత విప్పి చూస్తే సంఘం కూరల కింద నిమ్మకాయలు. ఆ పై వారం మునగకాయలు. నిన్న రెబ్బలు రెబ్బలుగా కరివేపాకు, ఆకులో చుట్టిన వెన్నముద్ద. పక్కింటి ధర్మేందర్ పంతులూ మీ సభ్యుడే. వెళ్లి ఆయన సంచి చూశాను. అన్నీ సమానమే గాని నిమ్మకాయ లేదు, మునగకాయ లేదు, వెన్న వాసన కూడా లేదు.

కారణం నాకు వెంటనే వెలిగింది. ధర్మేందర్ సొరకాయ చూసి "మళ్లా గిదేనా" అని సణుగుతాడు. నేను కళ్లకద్దుకుంటాను. సణిగినవాడి సంచి సంచిగానే ఉన్నది, అద్దుకున్నవాడి సంచి అక్షయమైంది. మొన్న మిర్యాలగూడ సభలో కుచేలుడి కథ ఎత్తుకుని, పిడికెడు అటుకులు పట్టుకుపోయినవాడు తిరిగొచ్చి చూస్తే గుడిసె ఉన్నచోట మేడ లేచిందని చెప్పి, అక్కడి నుంచి నేరుగా మీ సంఘంలోకి దిగాను. "సణగకుండ తీస్కోండ్రి, సంచి అదే పెరుగుతది" అన్నాను. జనం లేచి నిలబడ్డారు. ఎందరు పేర్లు ఇచ్చారో మీకే తెలియాలి.

మీ సంచి మోసే భాగ్యం దొరికిన
ఉప్పలయ్య

తా.క. కళ్లకద్దుకున్నాక ఆ సొరకాయను రుక్కమ్మ ఏం చేస్తుందో నాకు తెలియదు. నా కంచంలోకి మాత్రం ఒక్కనాడూ రాలేదు. అదీ దైవకృపే. పైగా ప్రతి సంచి నాడూ ఆమె బియ్యప్పిండి కలిపి సర్వపిండి కాలుస్తున్నది. అంచులు కరకరలాడుతూ, లోపల మెత్తగా. అట్లాంటి సర్వపిండి దేవతలకైనా దొరుకుతుందా అని నా అనుమానం.

*

కోదాడ

ఉప్పలయ్యగారికి ఇంద్రజ నమస్కరించి, కాస్త కంగారుగా రాసేది.

మిర్యాలగూడ నుంచి మేం కలలో కూడా అనుకోనన్ని కుటుంబాలు చేరాయి. ఆ పుణ్యం మీదే. కాదనను. కాని వాళ్లందరూ రోజూ ఫోన్ చేసి ఒకటే అడుగుతున్నారు, సంచి ఎప్పటి నుంచి పెరుగుతుందని.

ప్రభాకర్‌గారని అక్కడ రైసుమిల్లు గుమాస్తా. స్ప్రింగు కాటా కొని వాకిట్లో వేలాడదీశారు. సంచి రాగానే ముందు తూస్తారు, తర్వాత సొరకాయను నిలబెట్టి ఇంటిల్లిపాదీ దాని ఎదుట దాన్ని పొగుడుతారు, తర్వాత మళ్లీ తూస్తారు. పెరగలేదని నాకు ఫోన్. భక్తి ఎక్కడ తక్కువైందో కనుక్కోమంటారు.

అయ్యా, మీ సంచిలోకి అదనంగా వచ్చినవి దేవుడు వేసినవి కాకపోవచ్చు. ఎవరో వేస్తున్నారు. వేయకూడదు. మీకేమైనా తెలిస్తే చెప్పండి, నేను నొప్పించకుండా సర్దుతాను.

ఫోన్ కింద పెట్టడానికి భయపడుతున్న
ఇంద్రజ

తా.క. సొరకాయను ఏ దిక్కుగా పెట్టి పొగడాలో ప్రభాకర్‌గారు మిమ్మల్ని అడగమన్నారు.

*

సూర్యాపేట,
కార్తీకం

ఇంద్రజమ్మకు ఉప్పలయ్య రాయునది.

నీకు ఆశీర్వచనమే రాస్తున్నాను గాని పెన్ను వేడెక్కి ఉన్నది.

ఎవరు వేస్తున్నారని అడుగుతావా? కొండను గోటి మీద నిలబెట్టినప్పుడు కింద ఎవరు కర్ర పెట్టారని గోకులంలో విచారణ జరిగిందా? ప్రభాకర్ కాటా పెట్టి తూస్తున్నాడంటే అతని భక్తికి ముల్లు ఉన్నదన్న మాట. ముల్లున్న చోట మహత్తు నిలబడదు. దిక్కుతో పని లేదని చెప్పు.

ఈ వారం ఏం వచ్చిందో విను. చిక్కుడుకాయలు. అంచున ఊదా రంగు గీత. హాలియా దగ్గర మా అత్తగారి పెరట్లో తప్ప ఆ కాయ నేనెక్కడా చూడలేదు. మా పెండ్లినాటి మాట. ఆ తీగ పోయింది, ఆ పెరడూ పోయింది. నిన్న ఆ కూర నోట్లో పెట్టుకోగానే నాకు మాట పెగల్లేదు. నాకు! రుక్కమ్మ రెండు ముద్దలు తిని, కొంగుతో కళ్లు తుడుచుకుని లోపలికి పోయింది. పోయిన తీగను వెనక్కి తెచ్చే శక్తి మనుషులకు ఉంటుందా? మీ సంఘం మీద దేవుడి చెయ్యి ఉన్నది తల్లీ. నీకు కనపడటం లేదంతే.

నీ అవిశ్వాసాన్ని క్షమించిన
ఉప్పలయ్య

తా.క. ఈ ఉత్తరం రుక్కమ్మకు చదివి వినిపించాను. గోటి మీద కొండ దగ్గరికి రాగానే వంటింట్లోకి పోయి చాలాసేపు నవ్వింది. ఏమైందంటే పొయ్యి పొగ అన్నది. మాది గ్యాస్ పొయ్యి.

*

కోదాడ

ఉప్పలయ్యగారికి, ఇంద్రజ బాధతో రాసేది.

వేసింది సైదమ్మగారు. నేనే ఆత్మకూర్ వెళ్లి చూశాను. మీ సంచి అడుగున చిక్కుడుకాయలు పెడుతూ కనబడ్డారు. ధర్మేందర్‌గారు మీ సంచిని నెలలుగా గమనిస్తున్నారట. సమాన వాటా తప్పిన రైతును తీసేయాల్సిందేనని చాలామంది సభ్యుల సంతకాలతో కాగితం ఇచ్చారు. మిర్యాలగూడ వారూ మోసపోయామంటున్నారు. ఆదివారం ఆవిడ వాకిట్లోనే సభ.

ఎందుకు వేశావమ్మా అని ఎన్ని రకాలుగా అడిగినా ఆవిడ చెప్పరు. ఒక్క మాటే అన్నారు: "ఆ ఇంటి సంచి ఉత్తగ పంపుడు నాతోని గాదు. మాటిచ్చిన, ఇంతకన్న చెప్ప. తీసేస్తె తీసెయ్యిండ్రి."

మొదట నమ్మిన మనిషిని తీసేసే కాగితం మీద మొదటి సంతకం నాదే కావాలి. మళ్లీ ఆవిడ ఆ బజారుకే వెళ్లాలి. మీకేమైనా తెలిస్తే ఇదే ఆఖరి సమయం.

ఇంద్రజ

తా.క. ఈసారి నవ్వించే మాటేదీ తోచలేదు.

*

సూర్యాపేట

ఇంద్రజమ్మకు ఉప్పలయ్య తల వంచి రాయునది.

నేను సభకు రాను. వస్తే మాట్లాడుతాను, మాట్లాడితే అసలు సంగతి మరుగున పడుతుంది. ఈ ఉత్తరం మైకులో చదువు. ఆఖరి అక్షరం దాకా వదలకుండా చదువు.

నీ ఉత్తరం వినిపిస్తుంటే రుక్కమ్మ చేతిలో ఉన్న చాట కింద పెట్టింది. "ఇచ్చిన గిన్నె ఖాళీగ తిరిగిపోతదా ఎక్కడన్న?" అన్నది. అంతే. అప్పుడు నాకు మొత్తం అర్థమైంది. మిగతా సంగతులు ఆమె నోటా, మీ డ్రైవర్ నోటా విన్నాను. మన ఇళ్లల్లో ఎవరైనా గిన్నెలో ఏదైనా పంపితే ఆ గిన్నెను ఖాళీగా పంపం. పిడికెడు చక్కెరో, రెండు పండ్లో వేసి పంపుతాం. మీ సంచి మీది అచ్చు ఆమెకు సహించలేదు. మొదటి వారమే బెల్లం ముక్క వేసింది. రెండో వారం, పుట్టింటి నుంచి తెచ్చుకుని ఇన్నేళ్లు డబ్బాలో దాచుకుని, ఏటా ఒక కుండీలో వేసి బతికించుకుంటున్న చిక్కుడు గింజలు వేసింది. సిమెంటు వాకిట్లో ఆ తీగ ఒకటి రెండు కాయలు కాసి ఎండిపోయేదట, నాలుగు గింజలు మిగిలేవట. నేను చూడలేదు. నేను గ్రంథం చూస్తున్నాను.

అది అందుకున్న సైదమ్మ మాత్రం మళ్లీ ఖాళీగా పంపుతుందా? తన దడి మీద కాసినవి, తన పెరటివి, తన బర్రె వెన్న వేసింది. చిక్కుడు గింజలు దడి పక్కన నాటింది. ఆమె సంఘం చేనులోది ఒక్క ఆకు కూడా ముట్టలేదు. వాటా తప్పలేదు. ఇద్దరు ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూడకుండా వాయినాలు ఇచ్చుకున్నారు. "మా ఆయనకు చెప్పకు, మైకుల చెప్తడు" అని రుక్కమ్మ డ్రైవర్‌తో కబురు పెట్టిందట. సైదమ్మ ఆ మాట కోసం చేను పోగొట్టుకోవడానికి కూడా సిద్ధపడింది.

కుచేలుడి కథ నేను ఎన్ని ఊళ్లలో చెప్పానో లెక్క లేదు. మేడ దగ్గర గొంతు పెంచుతాను. ఆ అటుకులు కొంగున మూటగట్టి ఇచ్చింది అతని భార్య. ఉత్త చేతులతో పోవద్దన్నది ఆమె. ఆ ముక్క ఒక్కనాడైనా ఆగి చెప్పలేదు.

మిర్యాలగూడ సోదరులారా, సంచి దానంతట అది పెరగదు. నేను తప్పు చెప్పాను. కాని కూర నిజం, చేను నిజం, సైదమ్మ నిజం. కాటా దించండి.

సైదమ్మ కాళ్లకు ఇక్కడి నుంచే మొక్కుతూ,
ఉప్పలయ్య

తా.క. ఉత్తరం మడిచి రుక్కమ్మకు ఇచ్చాను. సంచితో పాటు ఆమే పంపుతుంది.

*

కోదాడ

పూజ్యులు ఉప్పలయ్యగారికి, ఇంద్రజ సంతోషంతో రాసేది.

సైదమ్మగారు ఎక్కడికీ పోవడం లేదు. 'మేడ దగ్గర గొంతు పెంచుతాను' అన్న చోట ఆగి, దాని కింది మాటలు మైకులో రెండోసారి చదివాను. ధర్మేందర్ పంతులుగారు లేచి సంతకాల కాగితం నా చేతిలోంచి తీసుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. కొత్త సంచుల మీద అచ్చులో 'ఖాళీ' అనే మాట తీసేయాలని సభ తీర్మానించింది. ప్రభాకర్‌గారు కాటాను సంఘానికి ఇచ్చేశారు. మాకు నిజంగానే అవసరముంది.

ఒక సంగతి మీకు తెలియదనుకుంటాను. ఆఖరి అక్షరం దాకా చదవమన్నారు కదా, చదివాను. కాగితం వెనక వైపు రుక్కమ్మగారి చేతిరాత ఉంది. మైకులోనే చదివేశాను. మీకోసం ఇక్కడ దించుతున్నాను:

"నేను రుక్కమ్మను. మా ఆయన కండ్లద్దాలు తుడుసుకుంటున్నడు, గందుకే నేను రాస్తున్న. సంచిల చిక్కుడు గింజలున్నయి, సైదమ్మ కాడ కాసినయే. తలా నాలుగు తీస్కపోయి నాటుకోండ్రి. ఇంకొక్క ముచ్చట. ఆయన సొరకాయ తినడని ఊరంత చెప్పుకుంటడు. సర్వపిండిల నేను కలిపేది సొరకాయ తురుమే. పెండ్లయిన కాడికెల్లి తింటున్నడు. దేవతలకు గూడ దొరకదంటడు."

సభ చాలాసేపు నవ్విందండీ. సైదమ్మగారు అందరికంటే ఎక్కువ నవ్వారు. ఇన్నాళ్లూ మీ ఇంటి సర్వపిండిలో సగం ఆవిడకే వచ్చేదట.

మీ ప్రవచనం వినడానికి ఈసారి నేనే సూర్యాపేట వస్తున్న
ఇంద్రజ

తా.క. ఈ వారం మీ సంచిలో రెండు సొరకాయలు పెట్టమని మీ ఇంటి నుంచే సైదమ్మగారికి కబురొచ్చింది. సమాన వాటా, కుదరదన్నాను. ధర్మేందర్ పంతులుగారు తన సొరకాయను సంచితో సహా మీకిచ్చేశారు. ఆయన సంచి ఖాళీగా పంపకండి.