కాలరు మీద నీ తువ్వాల

నాయనా,

ఎట్లున్నావని రాయబోతే చెయ్యి ఆగిపోయింది. నువ్వు పోయి ఏడాది దాటింది.

నువ్వున్నప్పుడు నిజాం రాజ్యం. తర్వాత యూనియన్ సైన్యం వచ్చింది. ఆ రోజుల్లో మిషన్లు బాగుచేసే నీ షెడ్డు తలుపు తెరవనేలేదు. ఇప్పుడు మోండా మార్కెట్‌లో మళ్లీ మునుపటి గోలే. కానీ అందరూ తిరిగి రాలేదు... నీ చాయ్ దోస్తు కరీం మామ ఇంటికి ఇంకా తాళమే. ఎక్కడున్నాడో నీకేమైనా తెలుసా?

మొన్న అన్న షెడ్డు తెరిచాడు. పని దొరక్కపోతే అన్నీ వదిలేసి ఊరికి పోదామంది అమ్మ. ఊరికి పోతే నా బడి కూడా ఆగినట్టే.

మొదటి పని అల్వాల్ యాదయ్యది. నువ్వు ఆయిల్ ఇంజనుకు తగిలించి ఇచ్చిన గడ్డి కోసే మిషన్. చక్రం ఇరుసు మీద పక్కకు జరిగి బెల్టు ఊడిపోతోందట. చూస్తే కాలరు అరిగిపోయింది. చక్రం జరగకుండా బిగించే ఆ ఇనుప కడియాన్ని మొదటిసారి చూపించి నువ్వన్న మాటకు ఇప్పటికీ నవ్వొస్తుంది. "దొరల అంగీకేనా బిడ్డా, మిషన్‌కు సుత కాలర్ ఉంటది."

అన్న కొత్త కాలరు తొడిగాడు. కడియంలోకి పూర్తిగా దిగిపోయే తలలేని మరమేకు బజారులో దొరకలేదు. మామూలు బోల్టు వేశాడు. గట్టిగానే బిగించాడు నాయనా, చక్రం కదల్లేదు. బోల్టు తల మాత్రం పైకి పొడుచుకొచ్చింది. సాయంత్రం బర్రెలకు గడ్డి కావాలని వాకిట్లో యాదయ్య ఒకటే తొందర. ఆ మిషన్‌కు గడ్డి అందించేది ఆయన భార్య... తిరిగే కాలరు పక్కనే, చీర కొంగుతో.

నువ్వుంటే ఇంజను ఆపి, భుజం మీది తువ్వాల కాలరు మీద వేసి, చేత్తో చక్రం తిప్పేవాడివి. "గుడ్డ చిక్కిందా, మిషన్ గేటు దాటదు. కొంగేదో గడ్డేదో చూసెటందుకు దానికి కండ్లున్నయా?"

అన్నతో అదే చెప్పాను. బడికి పోయేదానివి నీకెందుకని విసుక్కున్నాడు.

నీ తువ్వాల అమ్మ పెట్టెలో ఉంది. నీ బీడీ వాసన పోతుందని ఉతకనైనా లేదు. అడిగితే పెట్టె తీసి, తువ్వాలను ముఖానికి ఆనించుకుంది. తర్వాత తనే తెచ్చి నా చేతిలో పెట్టింది.

కాలరు మీద వేసి చేత్తో తిప్పితే చక్రం సగమైనా తిరగలేదు... బోల్టు తల తువ్వాలను పట్టి ఇరుసుకు చుట్టేసింది. పర్రున చిరిగింది.

యాదయ్య ఆ చిరుగునే చూస్తూ నిలబడ్డాడు. బర్రెలు ఒక పూట ఆగుతాయిలే అన్నాడు. అన్న బోల్టు తల కోసి, ఆకురాయితో నున్నగా రాకి, కోసిన చోట గాడి పెట్టి కడియంలోకి దించాడు. ఈసారి తువ్వాల జారిపోయింది. నీ భుజం మీంచి జారినట్టే.

యాదయ్య తర్వాత తన బామ్మర్ది నీళ్ల ఇంజను కూడా పంపాడు. అమ్మ ఊరి మాట ఎత్తడం లేదు. చిరుగు కుట్టి, తువ్వాలను పెట్టెలో కాకుండా షెడ్డులో నీ మేకుకే తగిలించింది. ఇప్పుడు దానికి అన్న చేతి నూనె అంటుతోంది. నీ వాసన పోతోందని అమ్మకు బాధగా ఉందా? అడగలేదు.

మేకు మరీ ఎత్తున కొట్టావు నాయనా, నాకు అందదు. ముక్కాలిపీట వేసుకుంటున్నాను. కానీ ఆ తువ్వాల చిక్కిన ఏ మిషనూ గేటు దాటదు. బడి నుంచి రాగానే నేనే చూస్తాను.

నీ బిడ్డ,
సుశీల